ఎడమ వరస

జక్కయ్య వడ్డిస్తే ముక్క తక్కువ పడిందన్నవాడు ఇరవై ఏళ్ళలో ఒక్కడూ లేడు. గుణదలలో గాని, ఆ చుట్టుపట్ల గాని క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళయినా జ్ఞానస్నానమైనా వంట అంతోనిది, మాంసం బకెట్టు జక్కయ్యది. అంతోని జక్కయ్య భార్య తెరేసమ్మకు సొంత అన్న. వాళ్ళ వెనకాల ఇంకో ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. అన్నానికి ఇద్దరు, పప్పుకు ఒకడు, సాంబారుకు ఒకడు. ఏ పనీ చేతకానివాడికి ఉప్పు పళ్ళెం ఇచ్చేవాళ్ళు.

మాంసం అందరి చేతికీ ఇచ్చేది కాదు. ఎముకలు అడుక్కి దిగిపోతాయి, మెత్తటి ముక్కలు ఏ మూలకో చేరతాయి. ఒకరి విస్తట్లో నాలుగు, పక్కవాళ్ళ విస్తట్లో రెండు పడ్డాయంటే ఆ పెళ్ళి సంగతి పదేళ్ళు చెప్పుకుంటారు. జక్కయ్య గరిటె ముంచి పైకి తీస్తే మూడు ముక్కలు, ఒక ఎముక, దానికి సరిపడా రసం. ముందువాడికీ అంతే, చివరివాడికీ అంతే. మేజిస్ట్రేటు వచ్చి కూర్చున్నా అంతే. తెరేసమ్మ ఒకసారి పెళ్ళిలో కూర్చుని ఇంకో ముక్క వెయ్యమని కళ్ళతో సైగ చేస్తే, "ఇంటికెళ్ళాక వండుకుందాం" అని పైకే అనేసి ముందుకెళ్ళిపోయాడు. నలుగురూ నవ్వారు. ఆమె వారం రోజులు మాట్లాడలేదు.

వడ్డనకు అంతోని పెట్టిన పద్ధతి ఒకటుంది. భోజనాలకు జనం ఎదురెదురుగా రెండు వరసలు కూర్చుంటారు. వడ్డించేవాడు వంట దగ్గర్నుంచి ఆ రెంటి మధ్యలోకి దిగి, కుడివైపు ఒక గరిటె, ఎడమవైపు ఒక గరిటె వేసుకుంటూ చివరిదాకా పోవాలి. అటునుంచి అటే షామియానా బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగి మళ్ళీ వంట దగ్గరికి చేరాలి. మధ్యలోంచి వెనక్కి రాకూడదు. వస్తే, వేడి సాంబారుతో వెనకే వస్తున్నవాడిని గుద్దుకుంటాడు.

తొంభై ఆరులో, ఈస్టరు వెళ్ళిన రెండోవారం, హనుమాన్ జంక్షన్ అవతల ఒక పెళ్ళికి వండిపెట్టి తిరిగొస్తున్నారు. వన్ టౌన్‌లో అద్దెకు తెచ్చిన గుండిగలన్నీ లగేజీ ఆటోలో వేసి, వాటి మధ్యన జక్కయ్య కూర్చున్నాడు. రోడ్డుకు అడ్డంగా గేదె వచ్చింది. ఆటో పల్టీ కొట్టింది. గేదెకు ఏమీ కాలేదు. అంతోనికి మోచెయ్యి చీరుకుపోయింది. జక్కయ్య తల కుడిపక్కకు గుండిగ అంచు తగిలింది.

ఆపరేషన్ చేశారు. పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. ఆ పదకొండు రోజులూ తెరేసమ్మ ఆస్పత్రి వరండాలో జపమాల తిప్పుతూ కూర్చుంది. పన్నెండో రోజు పొద్దున్నే జక్కయ్య కళ్ళు తెరిచి, భార్యను గుర్తుపట్టి, "అందరూ తిన్నారా?" అని అడిగాడు. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

నెలన్నరకు ఇంటికి తెచ్చుకున్నారు. మొదట్లో ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాట వినేవి కావు. ఆస్పత్రిలో చెప్పిన కసరత్తులన్నీ తెరేసమ్మ పట్టుబట్టి చేయించింది. రబ్బరుబంతి నొక్కించింది, గోడ పట్టుకుని నడిపించింది, చెంబుతో మొదలుపెట్టి బిందె దాకా నీళ్ళు మోయించింది. క్రిస్మస్ నాటికి వీధి చివర కుళాయి నుంచి నిండు బకెట్టు మోసుకొచ్చేంతయ్యాడు.

చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి. రానిది ఎడమవైపు.

కంచంలో కుడిపక్కనున్న అన్నం మాత్రం తిని, "కూర వెయ్యలేదేమే?" అనేవాడు. కూర ఎడమపక్కన ఉండేది. ఆదివారం పూజకు తయారైతే కుడిబుగ్గ నున్నగా ఉండేది, ఎడమబుగ్గ మీద గడ్డం అలాగే ఉండేది. చొక్కా ఒక చెయ్యి తొడుక్కుని, రెండోది వెనకాల వేలాడుతుంటే వీధిలోకి నడిచేవాడు. ఒకరోజు అంతోని చూడ్డానికి వచ్చి మంచానికి ఎడమపక్క కుర్చీలో కూర్చున్నాడు. అరగంట గడిచాక జక్కయ్య భార్యతో, "మీ అన్నయ్య ఒక్కసారి తొంగిచూళ్ళేదు. కలిసి ఇన్నేళ్ళు పనిచేశాం. అంతేలే లోకం" అన్నాడు.

అంతోని తెల్లబోయాడు. లేచి వెళ్ళి మంచానికి కుడిపక్క నిలబడ్డాడు.

"ఇప్పుడే అనుకుంటున్నాం బావా, నూరేళ్ళాయుష్షు" అన్నాడు జక్కయ్య.

తెరేసమ్మ పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు రాయమని అడిగింది.

"ఆయన కళ్ళు నీ కళ్ళకంటే బాగున్నాయమ్మా" అందావిడ. "దెబ్బ తగిలింది మెదడులో కుడిపక్క. ఎడమవైపు సంగతులన్నీ చూసుకునేది ఆ పక్కే. ఇప్పుడది పని మానేసింది. కంటికి కనబడుతుంది గాని, ఎడమవైపనేది ఒకటి ఉందన్న ధ్యాసే ఆయనకు రాదు."

"ఎప్పటికి వస్తుందండీ?"

"కొంత దానంతటదే వస్తుంది. కొంత ఆయన నేర్చుకోవాలి. ముందు అటు ఏదో ఉందని ఆయన ఒప్పుకోవాలి గదా."

ఒప్పుకోవడమే కష్టమైంది. "నాకేం, అన్నీ కనబడుతున్నాయి" అనేవాడు జక్కయ్య. కనబడనిదేదో కనబడితే గదా కనబడలేదని తెలిసేది. తెరేసమ్మ వాదించడం మానేసింది. ఆయన సగం అన్నం తినగానే కంచం అటుది ఇటు తిప్పి, "ఇదిగో, మారు వడ్డించాను" అనేది. ఆయన సంతోషంగా తినేవాడు.

సంవత్సరం తిరిగాక, తొంభై ఏడు వేసవిలో, మళ్ళీ బకెట్టు పడతానన్నాడు. చెయ్యి గట్టిపడిందిగా అని అంతోని కూడా సరేనన్నాడు. మైలవరం దగ్గర ఒక పల్లెలో జ్ఞానస్నానం విందు. చిన్న విందు, రెండే బంతులు. తెరేసమ్మ కూడా వెళ్ళింది.

జక్కయ్య తెల్లపంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని బకెట్టుతో దిగాడు. చెయ్యి వణకలేదు. గరిటె గరిటెకూ మూడు ముక్కలు, ఒక ఎముక. చివరిదాకా పోయాడు, పద్ధతి ప్రకారం బయటినుంచి చుట్టూ తిరిగొచ్చాడు, బకెట్టు నింపించుకున్నాడు, మళ్ళీ దిగాడు. కుడివైపు వరసకు రెండోసారి మాంసం పడింది. ఎడమవైపు వరసకు ఒక్క ముక్క పడలేదు.

ఎడమ వరసలో కూర్చున్నవాళ్ళు మొదట మర్యాదగా ఊరుకున్నారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక ముసలావిడ, "ఏం నాయనా, మేము పిలవకుండా వచ్చామా?" అంది. పక్కనున్నాయన, "అటువైపు వాళ్ళంతా తండ్రి తరపు, మనం తల్లి తరపు. అదీ లెక్క" అన్నాడు. ఆ మాటతో గొడవ రాజుకుంది. తల్లి తరపు వాళ్ళు విస్తళ్ళ ముందునుంచి లేచారు. తండ్రి తరపు వాళ్ళు, రెండుసార్లు తిన్నవాళ్ళు గనక, కూర్చునే సమాధానం చెప్పారు.

"అందరికీ వేశాను" అంటున్నాడు జక్కయ్య. "ఒక్కరినీ వదల్లేదు. దేవుడి తోడు."

అబద్ధమాడే మనిషి కాదు. ఆయన ఎరిగినంతలో అది నిజమే. తెరేసమ్మకు ఆ సంగతి తెలుసు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. అంతోని వచ్చి బకెట్టు మెల్లిగా అందుకుని, "ఎండగా ఉంది బావా, కాసేపు నీడన కూర్చో" అన్నాడు.

ఆ నీడన కూర్చోవడం ఏడు నెలలు సాగింది.

ఈలోగా అంతోని కూతురు రూతుకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు యేసుకుమార్, హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపు. పెళ్ళి జనవరిలో. తెరేసమ్మకు పిల్లల్లేరు. రూతు పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లోనే ఎక్కువ పెరిగింది. ఎనిమిదేళ్ళప్పుడు మావయ్య వడ్డన చూసి, "నా పెళ్ళికి నాకు నాలుగు ముక్కలు వెయ్యాలి" అని మాట తీసుకుంది. "నీ పెళ్ళిలో మాంసం బకెట్టు నాదే. ముక్కలు మాత్రం మూడే" అన్నాడు జక్కయ్య. అప్పట్నుంచి ఇంట్లో అదొక వేళాకోళం.

అంతోని ఆ మాట మర్చిపోలేదు, కాని భయపడ్డాడు. ఒక సాయంత్రం వచ్చి, ఈసారి గుర్తుగా కుడిపక్కనే కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"బావా, పెళ్ళివారు కాస్త పట్టింపుల మనుషులు. పెళ్ళికొడుకు మేనమామ ఉన్నాడు, నిశ్చితార్థంలో కాఫీ చల్లారిందని మూడుసార్లు అన్నాడు. నువ్వు... ఉప్పు పట్టుకో. అమ్మాయి పెళ్ళిలో నువ్వూ వడ్డించినట్టుంటుంది."

"ఉప్పు నీ తమ్ముళ్ళెవరైనా ఉంటే వాళ్ళకివ్వు" అని జక్కయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అంతోనికి తమ్ముళ్ళెవరూ లేరు. చెల్లెలి వంక చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి జక్కయ్య హుషారు తగ్గింది. కంచం తిప్పినా ఆ రెండో సగం తినేవాడు కాదు. "పెళ్ళికి నేను రాను. వంట్లో బాగాలేదని చెప్పు" అన్నాడు. మావయ్య రాకపోతే తాను గుడిమెట్లు ఎక్కనని రూతు కబురు పెట్టింది. తెరేసమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. అన్న భయంలో తప్పులేదు. భర్త పంతంలోనూ తప్పులేదు.

దారి చూపించింది ఎదురింటి రావమ్మ. అదీ తిడుతూ.

రావమ్మ పొద్దునపూట వీధరుగు మీద కూర్చుని చేపలు శుభ్రం చేసుకునేది. ఆవిడ మొగుడు బందరు నుంచి చేపలు తెచ్చి అమ్మేవాడు. కుళాయికి వెళ్ళేవాళ్ళకు ఆ అరుగు ఎడమచేతి వైపు పడుతుంది.

"ఇదిగో తెరేసమ్మా, మీ ఆయన్ని కాస్త అడుగు" అంది ఒకరోజు. "రోజూ కుళాయికి వెళ్ళేటప్పుడు ఏమండీ జక్కయ్యగారూ అంటే పలకడు. నేను దయ్యాన్నా, గోడనా? తిరిగొచ్చేటప్పుడు మాత్రం, రావమ్మగారూ, ఇంత పొద్దున్నే ఎప్పుడొచ్చారండీ అంటాడు. నా అరుగు మీదికి నేను ఎప్పుడొచ్చానో చెప్పాలా?"

తెరేసమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"వచ్చేటప్పుడు పలకరిస్తారా?"

"రోజూనూ. పైగా ఏం చేపలండీ అని అడుగుతాడు."

తెరేసమ్మ ఆ పూట వంట ఆలస్యంగా మొదలుపెట్టింది. కుళాయి దగ్గరికి తానే నడిచి వెళ్ళింది, తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు అరుగు ఎడమన ఉంది, వచ్చేటప్పుడు కుడిన ఉంది. ఇంత చిన్న సంగతికి ఇన్ని నెలలు కంచం తిప్పుతూ కూర్చున్నానా అనుకుంది. తిప్పాల్సింది కంచాన్ని కాదు, మనిషిని.

ఆ సాయంత్రం ఇంటి ముందు సందులో ఎదురెదురుగా పది పది విస్తరాకులు పరిచింది. గాలికి లేవకుండా ఒక్కోదాని మీద చిన్న రాయి పెట్టింది. బకెట్టులో నీళ్ళు పోసి గులకరాళ్ళు వేసింది. జక్కయ్యను లాక్కొచ్చింది.

"ఇవేమిటి?"

"మాంసం. వడ్డించండి."

"నీకు పిచ్చిగాని పట్టిందా?"

"పట్టింది. వడ్డించండి."

ఆయన నవ్వాపుకోలేక బకెట్టు పట్టాడు. ఒక్కో ఆకులో మూడు గులకరాళ్ళు, కాస్త నీళ్ళు. కుడివైపు పది ఆకులూ అయ్యాయి. చివరికి చేరాడు.

"అయిపోయింది" అన్నాడు.

"ఇటు తిరిగి వెనక్కి రండి."

"వెనక్కి రాకూడదు. మీ అన్నయ్య పద్ధతి తెలీదా?"

"ఇవాళ పద్ధతి నాది. తిరగండి."

ఆయన తిరిగాడు. కుడిచేతి వైపు పది ఖాళీ ఆకులు కనబడ్డాయి. జక్కయ్య నిలబడిపోయాడు.

"ఇవి ఎప్పుడు వేశావు?"

"ఇందాకే. అవి వేసినప్పుడే."

"నేను చూస్తుండగానా?"

"మీరు చూస్తుండగానే."

ఆయన బకెట్టు కింద పెట్టి, మళ్ళీ వెనక్కి తిరిగి మొదటి వరస వైపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. అలా నాలుగైదుసార్లు తిరిగాడు. తర్వాత ఒక రాయి మీద కూర్చుని, "అయితే మైలవరం దగ్గర ఆ ముసలావిడ..." అన్నాడు.

"ఆవిడ పాపం అన్నం సాంబారుతో తింది."

"వాళ్ళంతా అబద్ధం చెబుతున్నారనుకున్నాను" అన్నాడు. అని, లేచి రెండో వరసకు గులకరాళ్ళు వడ్డించాడు.

నెలరోజులు ఆ సందులో రోజూ విందే. సాయంత్రమయ్యేసరికి రావమ్మ వచ్చి ఎడమ వరసలో ఆకు ముందు పీటేసుకుని కూర్చునేది. తాను పెళ్ళికొడుకు తరపని తనకు తానే చెప్పుకుంది.

"ఏమయ్యోయ్, మా వరసకు ఆలస్యం చేస్తున్నారే. మేమేమన్నా దారినపోయేవాళ్ళమా?"

"వస్తున్నానండీ. వెళ్ళేటప్పుడు వాళ్ళు, వచ్చేటప్పుడు మీరు" అనేవాడు జక్కయ్య.

"ఈ ముక్క గట్టిగా ఉందేమిటి?"

"కృష్ణలో పెరిగిన మేకండి అది."

సందంతా నవ్వేది. కుళాయికొచ్చిన ఆడవాళ్ళు కూడా బిందెలు పక్కన పెట్టి కాసేపు వరసల్లో కూర్చునేవాళ్ళు. జక్కయ్య ఒక్కోరోజు వెళ్ళేటప్పుడే ఆగి, మెడ ఎడమవైపు తిప్పి, రావమ్మ ఉందో లేదో వెతికి చూసుకునేవాడు. ఒక్కోరోజు మర్చిపోయేవాడు. గడ్డం మాత్రం రెండు బుగ్గలూ గీసుకోవడం మొదలుపెట్టాడు. అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, ఎడమబుగ్గను చేత్తో తడిమి, "ఇక్కడొకటుంది" అని తనలో తాను అనుకునేవాడు.

పెళ్ళి పదిరోజులుందనగా తెరేసమ్మ అన్నను పిలిచి సందులో నిలబెట్టింది. అంతోని చేతులు కట్టుకుని చూశాడు. రెండు వరసలకూ లోటు లేకుండా రాళ్ళు పడ్డాయి.

"బాగానే ఉంది గాని తెరేసా, వెనక్కొస్తే సాంబారువాడు గుద్దుతాడు."

"మాంసం వెళ్ళి తిరిగొచ్చేదాకా సాంబారువాణ్ణి ఆపు అన్నయ్యా. అంతసేపు ఆగితే సాంబారుకేం కోపం రాదు."

"ఇరవై ఏళ్ళ పద్ధతి..."

"ఆ పద్ధతి పెట్టింది నువ్వేగా. నువ్వే మార్చు."

అంతోని బకెట్టులోంచి ఒక గులకరాయి తీసి చూసి మళ్ళీ అందులోనే వేశాడు. "మొదటి బంతి పెళ్ళివారిది. దానికి వద్దు. రెండో బంతి మనవాళ్ళది, దానికి బావ వడ్డిస్తాడు. అది సరిగ్గా జరిగితే మిగతావి చూద్దాం. జరక్కపోతే మాత్రం అక్కడితో ఆపెయ్యాలి, మళ్ళీ ఎప్పుడూ నన్ను అడక్కూడదు." తర్వాత జక్కయ్య వంక తిరిగి, "సరేనా బావా?" అన్నాడు.

"సరే" అన్నాడు జక్కయ్య. "ఇంకో మాట. తెరేసా పక్కనుండి నాకు అందించకూడదు. ఎడమ, ఎడమ అని అరిస్తే అంతమందిలో నా పరువేం కాను?"

తెరేసమ్మ ఒప్పుకుంది. నోరు మూసుకుని ఉండటం తనకు అంత సులువు కాదని ఆమెకు తెలుసు.

పెళ్ళిరోజు గుడిలో పూజ సవ్యంగా జరిగింది. యేసుకుమారూ రూతూ దండలతో బయటికొచ్చారు. గుడి వెనకాల ఖాళీస్థలంలో షామియానా వేసి పట్టాలు పరిచారు. ఇక మొదటి బంతి కూర్చోవాలి. పూజ వేళ దాటకూడదని ఫాదరుగారు ఎవరికోసమూ ఆగలేదు గాని, పెళ్ళివారి పెద్దలందరూ ఎక్కిన బస్సు మాత్రం ఇంకా రాలేదు. గన్నవరం దగ్గర టైరు పేలిందట. టైర్ల షాపువాళ్ళ పెళ్ళికి టైరు పేలి ఆలస్యం కావడమేమిటని అందరూ నవ్వుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది, పిల్లలు ఆకలంటున్నారు. చేసేది లేక ఆడపెళ్ళివారినే మొదటి బంతికి కూర్చోబెట్టారు. రెండో బంతికి విస్తళ్ళు వేస్తుండగా బస్సొచ్చింది. మేనమామ అందరికంటే ముందు దిగి, నేరుగా వచ్చి ఎడమ వరసలో మధ్యన కూర్చున్నాడు.

అంతోని మొహం పాలిపోయింది. జక్కయ్య అప్పటికే పంచె బిగించి బకెట్టు ముందుకు చాపి నిలబడ్డాడు.

"బావా, వీళ్ళు..."

"చూశాను. రెండో బంతి నాదన్నావు."

అంతోని బకెట్టు నింపాడు.

తెరేసమ్మ మంచినీళ్ళ జగ్గు పట్టుకుని గుంజ దగ్గర నిలబడింది. జక్కయ్య దిగాడు. అడుగులో తొందర లేదు. ఒక్కో విస్తరి దగ్గర వంగుతున్నాడు, మూడు ముక్కలు, ఒక ఎముక, రసం. కుడి వరస సగం అయింది. ముప్పావు అయింది. ఇక చివరికి చేరి వెనక్కి తిరగడమే.

ఆ రోజుకు మైలవరం నుంచి కూలికి తెచ్చుకున్న సాంబారు మనిషి ఒకడున్నాడు. ఆగమన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పొగలు కక్కే సాంబారు బకెట్టుతో, "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ జక్కయ్య వెనకాలే వచ్చేశాడు. జక్కయ్య చివరికి చేరేసరికి అతను వీపు మీదికొచ్చాడు. వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఇరవై ఏళ్ళ అలవాటు కాళ్ళకు గుర్తుంది. జక్కయ్య అటునుంచి అటే షామియానా బయటికి వెళ్ళిపోయాడు. చుట్టూ తిరిగి వంట దగ్గరికొచ్చాడు. మళ్ళీ మొదటినుంచి దిగాడు.

ఇప్పుడు ఆయన కుడిచేతి వైపు ఉన్నది మళ్ళీ ఆ వరసే. ఎడమ వరసలో మేనమామ ఖాళీ విస్తరి వంక, ఎదుటివాళ్ళ విస్తళ్ళ వంక మార్చి మార్చి చూస్తున్నాడు. తెరేసమ్మ నోరు తెరిచింది. మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చి, జగ్గులో నీళ్ళు తానే రెండు గుక్కలు తాగింది.

జక్కయ్య మొదటి విస్తరి మీద గరిటె చాపాడు. అక్కడ కూర్చున్న లావుపాటాయన నోట్లో ముద్ద నములుతూ, "ఇప్పుడేగా వేశారు. సరే, వేస్తానంటే వద్దనను" అన్నాడు.

గరిటె గాల్లో ఆగింది.

"వేశానా?" అన్నాడు జక్కయ్య.

"వేశారు. ఇదిగో ఎముక."

జక్కయ్య ఆ ఎముక వంక చూశాడు. పక్క విస్తరి చూశాడు, ఆ పక్కది చూశాడు. అన్నింట్లోనూ మాంసం ఉంది. చేతిలో బకెట్టు సగానికి సగం నిండుగా ఉంది. ఆయన గరిటె మళ్ళీ బకెట్టులో పెట్టేశాడు. అక్కడే నిలబడి ఆలోచించాడు. తెరేసమ్మకు అది గంటసేపనిపించింది. ఆయన పెదాలు కదలడం కనబడింది, మాట వినబడలేదు.

"వీళ్ళకు వేసేశానంటే" అన్నాడు చివరికి, లావుపాటాయనతో లెక్క చెబుతున్నట్టు, "వెయ్యాల్సినవాళ్ళు ఇంకోచోట ఉండి ఉంటారండీ. నాకు కనబడట్లేదంతే. ఉంటారు."

ఆయన మొదట మెడ తిప్పాడు. చాల్లేదు. తర్వాత భుజం తిప్పాడు, తర్వాత కాళ్ళు. చీకట్లో గోడ తడుముకుంటున్నవాడిలా కొంచెం కొంచెంగా ఎడమవైపుకు తిరుగుతూ పోయాడు. తిరగ్గా తిరగ్గా ఒక ఖాళీ విస్తరి అంచు కనబడింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత వరస వరసంతా, మధ్యలో మేనమామతో సహా, ఆయన వంకే చూస్తూ.

"ఇక్కడున్నారా అండీ మీరంతా" అన్నాడు జక్కయ్య. మొహమంతా నవ్వైంది.

"మేం వచ్చి అరగంటైంది" అన్నాడు మేనమామ. "మధ్యలో కూర్చున్న మనిషిని కనబడలేదా?"

"నాకు కనబడ్డానికి కాస్త టైము పడుతుందండీ. తలకు దెబ్బ తగిలింది. కనబడ్డాక మాత్రం లోటు చెయ్యను."

జక్కయ్య వరస మొదటినుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ వేసుకుంటూ మేనమామ దాకా వచ్చాడు. మూడు ముక్కలు, ఒక ఎముక, రసం.

"ఇంకో ముక్క వెయ్యవయ్యా. ఆలస్యానికి జరిమానా" అన్నాడు మేనమామ.

"పెళ్ళికూతురే అడిగింది, దానికే వెయ్యలేదండీ" అన్నాడు జక్కయ్య, ముందుకెళ్ళిపోతూ.

మేనమామ పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన మీసం తుడుచుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపటికి, "ఉడుకు మాత్రం బాగా కుదిరింది" అన్నాడు. అంతకంటే మంచిమాట ఆయన నోట ఎవరూ వినలేదని తర్వాత యేసుకుమార్ చెప్పాడు.

తెరేసమ్మ గుంజను ఆనుకుంది. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ జగ్గు ఉంది.

జక్కయ్య చివరి విస్తరి దాకా వడ్డించి, వంట దగ్గరికొచ్చి బకెట్టు దింపాడు. అంతోని తొంగిచూశాడు. అడుగున అరగరిటె రసం తప్ప ఏమీ లేదు.

"సరిగ్గా సరిపెట్టావే" అన్నాడు.

"సరిపోకపోతే పోయేది నీ పరువు. నాకేం" అన్నాడు జక్కయ్య.

"ఇంకా రెండు బంతులున్నాయి బావా. అలిసిపోతే చెప్పు."

"మాటలెందుకు, వెయ్యి."

అంతోని గుండిగ మూత తీసి, గరిటె అడుగుదాకా దించి కలిపాడు. తెరేసమ్మ జగ్గు అక్కడే ఒక బల్ల మీద పెట్టి, మైలవరం సాంబారు మనిషి ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళ్ళింది. మాంసం వెళ్ళి తిరిగొచ్చేదాకా అతన్ని ఆ గుంజ దగ్గర్నుంచి కదలనివ్వకూడదు.